పూజలో అందరూ లైన్లోకి వెళ్తారు, నేను చాప మీదే ఉంటాను. సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా నమ్మి తీసుకునే ఆ చిన్న అప్పం, మీకు అసలు ఏంటి?

పల్నాటి కోడలు:

ముందే చెప్తున్నా, గొడవ పెట్టుకోవడానికి రాస్తున్న పోస్టు కాదు. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) వాళ్ళూ లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) వాళ్ళూ వాదించుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

మా పుట్టింటి వాళ్ళం గుంటూరు లూథరన్లం. మా తాతయ్య ఏ కబురు మొదలుపెట్టినా 1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచే ఎత్తుకునేవాడు. పన్నెండేళ్ళ కిందట నన్ను పల్నాడులో ఒక క్యాథలిక్ ఇంటికి ఇచ్చారు. పీఠాధిపతి (బిషప్) గారి దగ్గర అనుమతి తెచ్చుకుని విచారణ గుడిలోనే పెళ్ళి చేశారు. పిల్లలకు క్యాథలిక్ జ్ఞానస్నానం ఇప్పించడానికి తన వంతు చేస్తానని మా ఆయన మాట ఇచ్చాడు, ఇప్పించాడు. నేను మాత్రం మారలేదు. మారమని అత్తయ్య ఒక్కసారీ అడగలేదు. అది ఆవిడ గొప్పతనమే.

ఆదివారం పూజ మానను. మేం ఆరాధన అంటాం, వీళ్ళు పూజ అంటారు. మాది సంఘం, వీళ్ళది విచారణ. మాది సువార్త, వీళ్ళది సువిశేషం. ఇన్నేళ్ళలో ఈ మాటలన్నీ నోటికి పట్టేశాయి, అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నాలుక మడతపడుతుంది కూడా. ఒక్క చోటే ఇంకా అలవాటు కాలేదు. సత్ప్రసాదం ఇచ్చే వేళకి నేను కూర్చునే వైపు ఆడవాళ్ళందరూ కొంగు తలమీదికి లాక్కుని లేస్తారు. క్యాథలిక్ కాని నాకు ఇవ్వరు కాబట్టి నేను మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇస్తాను. వాళ్ళు వెళ్ళి వచ్చేదాకా ఆ చాప మీద నేనూ, పసిపిల్లలూ, చెప్పులూ చేతిసంచులూ ఉంటాం. (చెప్పులు గుడి బయటే వదలాలి, కొందరు పోతాయని సంచిలో పెట్టి తెచ్చుకుంటారు.) ఒకావిడ ఒకసారి "ఏంటమ్మా, ఏదైనా పాపంలో ఉన్నావా" అని చెవిలో అడిగింది. ఆ తర్వాత్నుంచి గోడ వారన కూర్చుంటున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పెద్దదానికి తొమ్మిదేళ్ళు. ఈ ఏడాది నూతన సత్ప్రసాదం, అంటే మొదటిసారి తీసుకోవడం. శనివారం శనివారం సిస్టర్ గారి దగ్గర జ్ఞానోపదేశానికి వెళ్తోంది. మొన్న ప్రాక్టీసుకని మంత్రించని అప్పం నాలిక మీద పెట్టి చూపించారట. ఇంటికొచ్చి "అమ్మా, కాగితం లాగా ఉంది, రుచే లేదు, పైన అంటుకుపోయింది" అంది. కాసేపయ్యాక "ఆ రోజు మాత్రం అది వేరేట" అంది. వేరే అంటే ఏంటమ్మా అంటే, నేర్చుకున్న జవాబు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి ఆడుకోడానికి పోయింది.

అసలు సంగతి ఇంకొకటుంది. అత్తయ్యకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఫాదర్ గారు ఇంటికి సత్ప్రసాదం తెస్తారు. మా ఆయన ఆ వేళకి పొలంలో ఉంటాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచేది నేను. సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసులో మంచినీళ్ళు, ఒక చెంచా పెట్టేది నేను. ఆ గుడ్డని మిగతా బట్టలతో కలిపి ఉతకనివ్వదు అత్తయ్య, విడిగా జాడించి ఆరేసేదీ నేనే. ఫాదర్ గారు బండి దిగి మాట్లాడరు, మెడలో చిన్న గుడ్డసంచి, దాంట్లో గుండ్రటి డబ్బీ ఉంటుంది. ఇంటివాళ్ళు కొవ్వొత్తి వెలిగించుకుని ఎదురెళ్ళాలని అత్తయ్య పట్టుదల. కాబట్టి గేటు దాకా వెళ్ళేది కూడా నేనే. అంటే చూడండి, దాన్ని తీసుకునే అర్హత లేని మనిషి దానికి ఎదురెళ్ళి ఇంట్లోకి తీసుకొస్తోంది.

పోయిన నెల అత్తయ్యకి మింగుడు పడలేదు. ఫాదర్ గారు బియ్యపు గింజంత తుంపి, చెంచాడు నీళ్ళలో వేసి పట్టారు. పావుగంట పట్టింది, ఆయన తొందరపడలేదు. తర్వాత వేళ్ళు కడుక్కున్న నీళ్ళు నా చేతికిచ్చి "తొక్కని చోట, ఏదైనా మొక్క మొదట్లో పొయ్యమ్మా" అన్నారు. మల్లెపాదులో పోశాను. ఆ సాయంత్రం అలవాటు ప్రకారం బట్టలు జాడించిన నీళ్ళు ఆ పాదులోనే వంచబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగానో నాకే తెలీదు. మా నాన్న ఉంటే నవ్వేవాడు.

మా సంఘంలోనూ నెలకోసారి ప్రభు భోజన సంస్కారం ఉండేది, మోకాళ్ళూని తీసుకునేవాళ్ళం, భక్తిగానే తీసుకునేవాళ్ళం. కానీ ఆరాధన అయ్యాక ఆ గిన్నెలో మిగిలిన వాటి గురించి నేనెప్పుడూ ఆలోచించిన గుర్తు లేదు. నాకు రూల్ చెప్పొద్దు, రూల్ తెలుసు. మీ ఊళ్ళో, మీ విచారణలో, మీ ఇంట్లో ఆ చిన్న అప్పం ఏం చేస్తుంది? అది చెప్పండి.

ఉపదేశి గారబ్బాయి:

అమ్మా, మా నాన్న ముప్పై ఏళ్ళు ఉపదేశి. మా ఊరికి విచారణ గుడి లేదు, చిన్న ప్రార్థనా మందిరమే. ఒకే ఫాదర్ గారికి పద్నాలుగు ఊళ్ళు. కాబట్టి మాకు పూజ నెలకోసారి. మిగతా ఆదివారాలు నాన్నే వాక్యం చదివి, ప్రార్థన చెప్పించి, పాటలు పాడించి పంపేవాడు. సత్ప్రసాదం ఉండేది కాదు. పట్నం గుళ్ళలో రోజుకి రెండు పూజలు దొరికేవాళ్ళకి ఈ లోటు అర్థం కాదు.

పూజ ఉన్న ఆదివారానికి ముందు రాత్రి మా ఊరు వేరేగా ఉండేది. ఫాదర్ గారు తెల్లవారకముందే వచ్చి పాపసంకీర్తనాలకి, అంటే ఒక్కొక్కరూ చెప్పుకునే పాపాలు వినడానికి, కూర్చుంటారు. మనసులో కక్ష పెట్టుకుని అది చెప్పుకోవాలంటే కష్టం కదా. అందుకని శనివారం సాయంత్రం నాన్న లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. గట్టు తగాదాలు, కోడిపిల్లల తగాదాలు, ఇచ్చిన బియ్యం తిరిగి ఇవ్వలేదన్న తగాదాలు. ఇద్దర్నీ మా అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. అన్నీ తీరేవని అబద్ధం చెప్పను. సోమవారానికి మళ్ళీ మొదలైనవీ ఉన్నాయి. కానీ నెలకో రాత్రి తగాదా చల్లారాల్సిన పని ఒకటి ఉండేది. మీరు అడిగిన "ఏం చేస్తుంది" అన్నదానికి నాకు తెలిసిన మొదటి జవాబు ఇది.

మా నాయనమ్మ కాలంలో అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ నియమాన్ని 1953 నుంచి సడలిస్తూ వచ్చారు, 1957లో మూడు గంటలు చేశారు, 1964 నుంచి ఒక గంటే. జబ్బు మనుషులకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి అదీ లేదు. నాయనమ్మ మాత్రం చివరిదాకా పాత పద్ధతే. "గంట ఆకలి కూడా ఆకలేనా" అనేది.

అప్పాలు పట్నంలో మఠకన్యలు చేసేవాళ్ళు. గోధుమపిండి, నీళ్ళు, అంతే, ఉప్పు కూడా పడదు. బిస్కెట్ డబ్బాలో బస్సు మీద వచ్చేవి. చిన్నప్పుడు నాన్నని అడిగాను, మా ఊళ్ళో గోధుమ పండదు, ద్రాక్ష అసలే పండదు, మరి బియ్యప్పిండి రొట్టె పెట్టుకోవచ్చు కదా అని. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం గోధుమే అంటుంది, ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ నాకు చెప్పింది అది కాదు. "ఇది మనం వండుకునేది కాదురా, ఇంకొకళ్ళు మనకి పెట్టేది" అన్నాడు.

ఇప్పుడు కష్టమైన మాట. మా దగ్గర ఒకే గిన్నెలోంచి, ఒకే ఫాదర్ చేతి మీదుగా సత్ప్రసాదం తీసుకున్నవాళ్ళు బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర వేర్వేరు గ్లాసుల్లో తాగడం నేను కళ్ళారా చూశాను. లైన్లో కూడా ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. మేం వెనకవాళ్ళం. నాన్న కేకలేసే మనిషి కాదు. పూజ లేని ఆదివారం తన చేతిలో ఉన్నదల్లా చదవడమే కాబట్టి, కొరింతీయులకు పౌలు రాసిన మొదటి లేఖలో పదకొండో అధ్యాయం తీసేవాడు. ప్రభు భోజనానికని చేరి కలిగినవాళ్ళు ముందే తినేస్తే, లేనివాళ్ళు ఆకలితో ఉండిపోతున్నారని పౌలు మందలించే చోటు. ఏడాదికి మూడు నాలుగుసార్లు అదే. విసుగొచ్చినవాళ్ళకి ఎందుకొచ్చిందో నాన్నకి తెలుసు.

2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారిని కార్డినల్ని చేసినప్పుడు, తెలుగువాళ్ళలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు, నాన్న ఫోన్లో రోము వేడుక చూస్తూ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఫోను చూడ్డానికి చొక్కా ఎందుకు నాన్నా అంటే పలకలేదు.

ఇంకొక్క మాట, అమ్మా. "అర్హత లేని మనిషి" అని రాశారు. ఈసారి పూజలో గమనించండి. సత్ప్రసాదం తీసుకునే ముందు ఫాదర్ గారితో సహా గుడిలో ఉన్నవాళ్ళందరూ "నేను పాత్రుణ్ణి కాను" అనే అంటారు. సువిశేషంలో శతాధిపతి అనే రోమా సైనికాధికారి తన పనివాడి కోసం యేసుతో అన్న మాట అది. ఆ మాట అనకుండా లైన్లోకి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు.

కువైట్ నర్సు:

అక్కా, మాది పశ్చిమ గోదావరి, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు. మాకు సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం శుక్రవారమే. కువైట్ సిటీ కెథెడ్రల్ లోపల మలయాళం, తమిళం, కొంకణి, ఫిలిప్పీన్స్ వాళ్ళ తగలోగ్, అన్ని భాషలూ వినిపిస్తాయి. ఇళ్ళల్లో పనిచేసే మా తెలుగు అమ్మాయిలకి వారానికి నాలుగు గంటలు బయటికి వదిలితే అందులో రెండు గంటలు గుడికే. నైట్ డ్యూటీ దిగి యూనిఫాం మీద కోటు తొడుక్కుని నేనూ చాలాసార్లు వెళ్ళాను, నిలబడే నిద్రపోయాను.

2020లో గుళ్ళు మూసేశారు కదా. నెలల తరబడి సత్ప్రసాదం లేదు. ఫోన్లో పూజ చూసి, ఆధ్యాత్మికంగా స్వీకరించే ప్రార్థన చెప్పుకోవడమే. మార్చి 27న పోప్ ఫ్రాన్సిస్ ఖాళీగా ఉన్న సెయింట్ పీటర్స్ ముందు, వానలో, సత్ప్రసాదంతో లోకానికంతటికీ దీవెన ఇచ్చారు. అది వార్డు బయట మెట్ల మీద కూర్చుని చూశాను. వెనక మానిటర్లు మోగుతున్నాయి. నేను ఏడవలేదు, అప్పటికి ఏడుపు అయిపోయింది.

మళ్ళీ తెరిచాక మొదటిసారి ఫాదర్ గారు "క్రీస్తు శరీరం" అంటే నేను "ఆమెన్" బదులు "థాంక్యూ" అన్నాను. మాస్కులో వినపడలేదనుకుంటా. మీరు పన్నెండేళ్ళుగా ఉన్న చోట మేం కొన్ని నెలలే ఉన్నాం. అక్కడ ఉంటే ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలిసింది, అందుకే ఇది రాశాను.

నిజం చెప్తా:

ఇంత చర్చ ఎందుకండీ. మారిపోతే సరిపోతుంది. మళ్ళీ జ్ఞానస్నానం కూడా అక్కర్లేదు, లూథరన్ జ్ఞానస్నానాన్ని క్యాథలిక్ శ్రీసభ ఒప్పుకుంటుంది. విశ్వాసం ప్రకటిస్తే చాలు. మనసులో సగం మారినట్టే ఉన్నారు.

పల్నాటి కోడలు:

అన్నయ్యా, మీరు చెప్పింది తప్పు కాదు, ఫాదర్ గారూ అదే చెప్పారు. కానీ మా అమ్మ ఒక్కతే గుంటూరులో ఉంటుంది. నేను వెళ్ళిన నెల సంస్కారపు ఆదివారం పక్కన చోటు ఉంచుతుంది. నేను వెళ్ళని నెల కూడా ఉంచుతుందట, పక్కింటావిడ చెప్పింది. మారడమంటే ఆ చోటు దగ్గరికి వెళ్ళి "అమ్మా ఇక ఉంచకు" అనాలి. ఎప్పటికైనా అంటానేమో. పాప ఫంక్షన్ కోసం మాత్రం అనను.

ఉపదేశి గారబ్బాయి గారూ, "పాత్రుణ్ణి కాను" అన్న మాట పన్నెండేళ్ళుగా నేనూ వాళ్ళతో పాటే పైకి అంటున్నాను. ఎప్పుడూ తట్టలేదు.

సెమినరీ మానేసినోడు:

నాలుగేళ్ళు చదివి బయటికొచ్చాను, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాను. మీరు రూల్ వద్దన్నారు, కానీ ఆ రూల్ వెనక ఉన్నది మీ ప్రశ్నకి జవాబే అనిపించి రాస్తున్నా.

ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన నవ్వేవారని నేననుకోను. 1529లో మార్‌బర్గ్‌లో మీ లూథరన్లకి మూలమైన లూథర్‌కి, స్విట్జర్లాండ్ ప్రొటెస్టెంట్ నాయకుడు జ్వింగ్లీతో వాదన జరిగినప్పుడు, రొట్టె ఒక గుర్తు మాత్రమే అని జ్వింగ్లీ అంటే, లూథర్ బల్ల మీద సుద్దతో "ఇది నా శరీరం" అని రాసి, ఆ మాట దగ్గర్నుంచి కదలనన్నాడు. ప్రభువు అక్కడ నిజంగా ఉన్నాడన్న విషయంలో లూథరన్లు మాకు దూరం వాళ్ళు కాదు. తేడా ఎక్కడంటే, ఎలా ఉన్నాడు, ఎంతసేపు ఉంటాడు, పూజ బలి అవునా కాదా, ఎవరి చేతుల మీదుగా అన్నచోట. ఆ అప్పం అప్పంలా కనిపించినంతసేపూ ప్రభువు ఉన్నట్టే అని మా నమ్మకం. అందుకే మిగిలినవి గుడిలో మందసం అనే చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసి దీపం పెడతాం. అందుకే వేలికి అంటిన నలుసు కడిగిన నీళ్ళని కూడా తొక్కని చోట పొయ్యమంటాం. మీరు మల్లెపాదు దగ్గర ఆగింది ఆ నమ్మకం అంచున.

అలా దాచిపెట్టడం మొదలైంది ఆరాధన కోసం కాదు. రోగుల కోసం, రాలేనివాళ్ళ కోసం. రెండో శతాబ్దం నడుమ రోములో జస్టిన్ అనే ఆయన, తర్వాత వేదసాక్షి అయ్యాడు (విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడు), ఆదివారం కూటం ఎలా జరుగుతుందో చక్రవర్తికి రాసిన విన్నపంలో వివరించాడు. చదువుతారు, ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షరసం తెస్తారు, కూటం పెద్దాయన కృతజ్ఞతలు చెల్లిస్తాడు, అందరూ ఆమెన్ అంటారు, పంచుకుంటారు, రానివాళ్ళకి డీకన్లనే సేవకుల చేత పంపిస్తారు. ఆ చివరి ముక్క సెమినరీలో చదివినప్పుడు నేను దాటేశాను. మీ పోస్టు చదివాక వెనక్కి వెళ్ళి చూశాను. ఆ ముక్కలో మీ అత్తయ్య గారున్నారు. ఎదురెళ్ళి తలుపు తీసేవాళ్ళ సంగతి జస్టిన్ రాయలేదు, కానీ ఎవరో ఒకరు తీసే ఉంటారు.

ఇక ఆ "ఆమెన్". అది అప్పం గురించే కాదు. పూజలో పోపు గారి పేరు, పీఠాధిపతి గారి పేరు పలికి, వీళ్ళతో కలిసి అర్పిస్తున్నాం అంటారు. లైన్లో చెప్పే ఆమెన్ దానికి కూడా ఒప్పుకోలు. మీరు ఒప్పుకోని దానికి మీ చేత ఆమెన్ అనిపించకూడదనే ఆ రూల్. మీ పాపం లెక్కపెట్టి పెట్టింది కాదు. చెవిలో అడిగినావిడకి అది తెలీదు, పోనివ్వండి. చావుబతుకుల్లో ఉన్నప్పుడు, అలాంటి పెద్ద అవసరం ఉందని పీఠాధిపతి భావించినప్పుడు మినహాయింపులున్నాయి, వాటికీ షరతులున్నాయి.

నాకు ఈ రూలు పూర్తిగా నచ్చిందా అంటే, చదువుకున్నప్పుడు నచ్చింది, మీలాంటి ఇల్లు చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. 2015 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ రోములో ఒక లూథరన్ గుడికి వెళ్ళారు. క్యాథలిక్‌ని పెళ్ళి చేసుకున్న ఒక లూథరన్ ఆవిడ లేచి సరిగ్గా మీ బాధే చెప్పింది. ఆయన చాలాసేపు తటపటాయించారు. జ్ఞానస్నానం ఒకటే, ప్రభువు ఒకడే అన్నారు, ప్రభువుతో మాట్లాడి ముందుకు వెళ్ళండి అన్నారు, ఇంతకంటే చెప్పే ధైర్యం చెయ్యను అన్నారు. రూలు మారలేదు. కొందరు దీన్ని అనుమతి అన్నారు, కొందరు కాదన్నారు. నాకైతే ఆ తటపటాయింపే నిజాయితీగా అనిపించింది.

పనికొచ్చే సలహా ఒకటి. పాప పండుగ రోజు పూజలో కానుకల ఊరేగింపు ఉంటుంది కదా, అప్పాలు, ద్రాక్షరసం, పూలు, పండ్లు వెనకనుంచి పీఠం దగ్గరికి తీసుకెళ్తారు. అందులో మిమ్మల్ని పెట్టమని ఫాదర్ గారిని అడగండి. నాకు తెలిసి దానికి అడ్డేమీ లేదు.

పల్నాటి కోడలు:

అడిగాను. శుక్రవారం అత్తయ్యకి సత్ప్రసాదం ఇచ్చి గుడ్డ మడత పెట్టేటప్పుడు అడిగాను. ఫాదర్ గారు "పూలు ఎవరైనా తెస్తారు, నువ్వు అప్పాల గిన్నె పట్టుకో" అన్నారు. మూడేళ్ళుగా మా గేటు దగ్గర కొవ్వొత్తి పట్టుకునేది ఎవరో ఆయనకి గుర్తుంది మరి.

ఈ ఏడు ముప్పై ఒక్క మంది పిల్లలు. వాళ్ళవి సిస్టర్ గారు విడిగా లెక్కపెట్టి ఆ గిన్నెలో వేస్తారట. "దాంట్లో ఒకటి నాది, కింద పడెయ్యకు" అని మా పెద్దది ఇప్పటినుంచే హాల్లో నాతో నడక ప్రాక్టీసు చేయిస్తోంది. స్టీలు గిన్నెలో ముప్పై ఒక్క వేరుశనక్కాయలు పోసి ఇచ్చింది. నిన్న గుమ్మం తట్టుకుని రెండు ఒలికాయి. మంచం మీదినుంచి అత్తయ్య చెయ్యి ఎత్తి, మళ్ళీ మొదట్నుంచి రమ్మని సైగ చేసింది.